గాడిదకు గండపెండేరం

ఇంగ్లాండులో పేసర్ రైలును పాతబండ్ల ముచ్చటకు నడుపుతుంటే, పట్టాల పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటున్న పెద్దమనుషుల్ని వీడియోలో చూశాను. సరే, మనమూ భక్తిగా దాని స్థలపురాణం చెప్పుకుందాం.

1980ల్లో అక్కడి ప్రభుత్వ రైల్వే సంస్థ బ్రిటిష్ రైల్ చేతిలో డబ్బు ఆడక పెద్దలు పెళ్లిచూపులు పెట్టారు. వధువు లేలాండ్ నేషనల్ సిటీ బస్సు. వరుడు గూడ్సు వ్యాగన్ చట్రం. జాతకాలు చూస్తే ఇద్దరికీ చవక లగ్నమే. సారెగా బస్సు సీట్లు, బస్సు తలుపులు వచ్చాయి. వరుడి వైపు నుంచి పెట్టెకు నాలుగంటే నాలుగే చక్రాలు. "ఎనిమిది ఉండాలి కదండీ?" అని ఎవరైనా అడిగి ఉంటే ఆయన విస్తట్లో అప్పడం పడి ఉండదు.

ఆ సంతానమే పేసర్లు. వాటిలో క్లాస్ 142 అనే రకం ఒక్కటే రెండేసి పెట్టెల బళ్లు 96. మలుపొస్తే కీచుమనేవి, పట్టాల అతుకొస్తే గంతేసేవి. ఇంగ్లాండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ మలుపుల్లో చక్రాలు అరిగిపోతుంటే ఆ దేశపు ఉత్తరాదికి తోలేశారు. అక్కడి జనం పెట్టిన పేరు "తలాడించే గాడిద". మనమైతే గంగిరెద్దు అనేవాళ్లం. కాకపోతే గంగిరెద్దువాడు మనల్ని దానిమీద ఎక్కించి టికెట్టు కొట్టడు.

మహా అయితే 20 ఏళ్లు అనుకున్న బండిని 30 దాటినా లాగారు. 2015లో రవాణా మంత్రి పాట్రిక్ మెక్‌లాఫ్లిన్ తీసేద్దామంటే, పెట్టిన డబ్బుకు తగ్గ ఫలం లేదని శాఖ ఉన్నతాధికారి రాతపూర్వకంగా అడ్డం చెప్పాడు. ఎవరి డబ్బయ్యా? రోజూ లీడ్స్‌కీ మాంచెస్టర్‌కీ నిలబడి వెళ్లినవాళ్లు కట్టింది డబ్బు కాదా? లండన్ జనాన్ని ఎక్కించి ఉంటే ఇరవై రోజులకే తుక్కు కింద అమ్మేవాళ్లు! చివరికి వాటిని దించింది కూడా వీళ్ల దయ కాదు. వికలాంగులు ఎక్కలేని రైళ్లు 2019తో ఆగాలని చట్టం మెడ మీద కూర్చుంది. సిగ్గులేకుండా దానికీ మినహాయింపులు తెచ్చుకుని, వేల్స్‌లో 2021 మే దాకా ఈడ్చారు. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి 35 ఏళ్లు ఆగాడు, ఇంకో ఏడాది ఆగలేడా అన్నట్టు.

ఆ మధ్య సర్కారువారు ఉదారంగా పాత పేసర్లను ఊరి పనులకు వాడుకోండి అని పంచారు కూడా. ఒకటి యార్క్‌షైర్‌లో ఆసుపత్రికి దక్కింది. బావుంది. నడుములు పడిపోయిన పాత ప్రయాణికులు ఎలాగూ అక్కడికే వస్తారు.