180 గ్రాముల స్టిక్కర్ గారికి

మహారాజశ్రీ 180 గ్రాముల స్టిక్కర్ గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. ఇక్కడ ప్లేయర్ సూది క్షేమం. మీ కింద రికార్డులో బేస్ (లోతైన కింది స్వరం) క్షేమమేనా?

జమైకా రెగే పాటల్ని విప్పి మళ్లీ అల్లే సంగీతం డబ్. పాత డబ్ వినైల్ రికార్డు మళ్లీ వచ్చిన ప్రతిసారీ, లోపలి రికార్డు 180 గ్రాముల బరువని చాటుతూ, అట్ట మీద పెళ్లిపెద్దలా మీరే కూర్చుంటారు. మామూలు రికార్డు 120 నుంచి 140 గ్రాములు తూగుతుంది. మీరు ఇంకో గుప్పెడు కలిపారు, సంతోషం. కానీ మందం ఎంత పెంచినా గాడి లోతు మాత్రం వెంట్రుకవాసే. మీ బరువంతా దాని కింద పడి ఉంటుంది, సూది అక్కడిదాకా దిగదు. పైగా మందపు రికార్డు చల్లారడానికి టైమ్ పడుతుంది. ప్రెస్సులోంచి తొందరపడి లాగితే అప్పడంలా వంకర తిరుగుతుంది.

అసలు సంగతి టేపుది. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని వాటర్‌హౌస్ పేటలో, తన ఇంట్లోనే సౌండ్ ఇంజనీర్ కింగ్ టబ్బీ పాటని విప్పి, గొంతు తీసేసి, బేస్‌నీ డ్రమ్స్‌నీ మిగిల్చి, ఎకోలో ముంచి తీసేవాడు. టేపు ఖరీదు కాబట్టి అప్పట్లో పాతదాని మీదే కొత్తది రికార్డు చేసేవారు. మాస్టర్ (అసలు టేపు) పోయినచోట పాత 45నే (నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్న రికార్డు) ప్లేయర్ మీద పెట్టి కాపీ తీస్తారు. అందులో తప్పేం లేదు, వేరే దారి లేదు. కొంప ముంచేది ఆ తర్వాత చేసే శుభ్రం. స్నేర్ డ్రమ్ దెబ్బ ఎకోలో తిరిగి తిరిగి, సన్నబడి, చివరికి టేపు హిస్‌లో (వెనకాల వినబడే 'స్‌స్' చప్పుడులో) కలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్‌కి ఆ తోకకీ హిస్‌కీ తేడా తెలియదు, రెండూ ఊడ్చేస్తుంది. చిటపటలు తీసే పనిలో హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని తాళాల జత) శబ్దపు మొన కూడా విరిగిపోతుంది. టబ్బీ గాల్లో వదిలిన శబ్దం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

బోనస్ పాటల మోజు ఇంకోటి. 12 అంగుళాల రికార్డుకి పక్కకి 18 నిమిషాలైతే బేస్ ఊగడానికి చోటుంటుంది. 26 కుక్కితే గాడులు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా మొత్తం లెవెలైనా దించాలి, బేసైనా కోయాలి. పప్పుచారులో పప్పు తీసేసి వడ్డించినట్టు.

ఇక నడిమి కన్నం. అర మిల్లీమీటరు పక్కకి జరిగిందంటే లోపలి గాడుల దగ్గర శ్రుతి సుమారు 0.8 శాతం పైకీ కిందికీ ఊగుతుంది, ప్రతి 1.8 సెకన్లకీ ఒకసారి. డ్రమ్స్ దీన్ని దాచేస్తాయి. 1976 నాటి 'కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్' ఆల్బమ్‌లో అగస్టస్ పాబ్లో వాయించిన మెలోడికా (ఊదుతూ మీటలు నొక్కే వాయిద్యం) దాచదు, నిలిపిన స్వరం కాస్తా వణుకుతుంది. అనుమానముంటే సూదిని మోసే ఆర్మ్‌ని చూడండి, ఉయ్యాలలా పక్కలకి ఊగుతుంటుంది. గుండ్రటి ఆకురాయితో కన్నాన్ని పిసరంత వెడల్పు చేసి, రికార్డుని కొంచెం కొంచెంగా జరుపుతూ ఆ ఊపు తగ్గేచోట ఆపాలి. ఇంత డబ్బు పోసి కొన్నాక ఆకురాయి కూడా మేమే తెచ్చుకోవాలన్నమాట!

కాబట్టి మనవి. బరువు సంగతి వదిలేసి, ఏ టేపు నుంచి తీశారు, గాడులు ఎవరు కట్ చేశారు, పక్కకి ఎన్ని నిమిషాలు అన్న మూడు ముక్కలు మీ ఒంటి మీద రాయించుకోండి. చోటు చాలకపోతే ఆ '180' చెరిపేయండి.

ఇట్లు,
బేస్ కోసం ఎదురుచూసేవాళ్లు

తా.క.: అంటుకునేటప్పుడు పైనున్న ప్లాస్టిక్ మీద అంటుకోండి. అట్టకే అంటుకుంటే, హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చబెట్టి పీకినా బొమ్మలో సగం మీతోనే వచ్చేస్తోంది.