సేకరణ, సమీకరణ, జప్తు అన్నీ ఒకటే అన్న ఫార్వర్డ్ నమ్మకండి

వారం నుంచి మా గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది, "భూసేకరణ, భూసమీకరణ, జాతీయం, జప్తు పేర్లే వేరు, అన్నీ సర్కారు లాక్కోవడమే, 1978లో ఆస్తి హక్కే తీసేశారు, మనం చేసేదేం లేదు" అని. పొలం పోయినోళ్ల కోపం నాకు తెలుసు, మా ఇంట్లోనూ పోయింది. కానీ ఈ మెసేజ్ నమ్మితే చేతికి రావాల్సిన డబ్బు కూడా పోతుంది.

ముందు ఆ 1978 సంగతి. 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి పోయిన మాట నిజమే, కానీ మొత్తానికే పోలేదు, 300ఏ అధికరణంలో ఉంది, చట్టం ప్రకారం తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదని. హిమాచల్‌లో 1967-68లో ఒక పెద్దావిడ పొలంలో సేకరణ ఏమీ జరపకుండానే రోడ్డేసేశారు, చివరికి ఇన్నేళ్లుగా మా చేతిలో ఉంది కాబట్టి మాదే అని ప్రభుత్వమే వాదించింది, 2020లో సుప్రీంకోర్టు కుదరదని చెప్పి పరిహారం ఇప్పించింది. దాన్ని లాక్కోవడం అనండి, నేనూ అంటాను.

సేకరణ, సమీకరణ ఒకటి కాదు. సేకరణలో మనకి ఇష్టం లేకపోయినా తీసుకుంటారు, కానీ 2013 భూసేకరణ చట్టం ప్రకారం నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరాలకి 60 రోజులు ఉంటాయి, లెక్కగట్టిన పరిహారం మీద ఇంకో నూరు శాతం సొలేషియం, అంటే ఇష్టం లేకుండా తీసుకున్నందుకు అదనపు సొమ్ము, ఇవ్వాలి. సమీకరణ అంటే ఒప్పందం, మనం పొలం ఇస్తే బదులు ప్లాట్లు ఇస్తారు, అమరావతిలో చేసింది అదే, మెట్ట ఎకరానికి 1000 గజాల ఇంటి స్థలం, 250 గజాల కమర్షియల్, పదేళ్లు కౌలు. అక్కడ నిలదీయాల్సింది రేటు గురించి కాదు, ప్లాటు ఎప్పుడు ఇస్తారు, కౌలు టైముకి ఎందుకు పడట్లేదు అని.

జాతీయం అనే మాట సంస్థలకి వాడతాం, 1969లో 14 బ్యాంకులు, 1980లో మన ఆంధ్రా బ్యాంక్, అట్లా. మన చేనుకి దాంతో పనిలేదు.

జప్తు విషయంలో మాత్రం పేపర్లది కూడా తప్పుంది. ఈడీ అటాచ్ చేసిన రోజే "ఆస్తులు జప్తు" అని హెడ్డింగ్ పెట్టేస్తారు, నిజానికి అప్పటికి ఆస్తి ఇంకా యజమానిదే, అమ్ముకోవడానికి ఉండదు అంతే, ప్రభుత్వపరం అవ్వాలంటే కోర్టులో చాలా నడవాలి. ఎలక్షన్లప్పుడు బళ్లు తీసుకెళ్తారు చూడండి, అదీ జప్తు కాదు, రిక్విజిషన్, వాడుకుని డబ్బు కట్టి తిరిగి ఇచ్చేస్తారు.

ఇక "చేసేదేం లేదు" అన్న మాట, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. కాలవ కోసం మా బాబాయ్ పొలం సేకరణలో పోయింది. అందరూ "లాక్కున్నారు, అయిపోయింది" అంటుంటే ఆయనా అదే అనుకుని అభ్యంతరం రాయలేదు, పరిహారం ఎంతో తేల్చిన అవార్డు కాగితం చదివించుకోలేదు, డబ్బు ఇచ్చే రోజు రిజిస్టర్‌లో సంతకం పెట్టేసి వచ్చాడు. పక్క చేను ఆయన అదే పేజీలో సంతకం పక్కన "ఈ రేటు చాలదు, అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని ఒక్క లైను రాశాడు. ఆ లైను లేకపోతే రేటు పెంచమని రిఫరెన్స్, అంటే పై అథారిటీకి కేసు పంపమని, అడగడానికి చట్టం ఒప్పుకోదు. ఆయన అడిగాడు, రేటు పెరిగింది. బాబాయ్ ఆ రిజిస్టర్ జిరాక్స్ ఇప్పటికీ దాచుకున్నాడు, ఆయన సంతకం పక్కన ఖాళీగానే ఉంది.