ట్రైనింగ్ కాలేజీకి ఎవడు పోతాడు?

మా పెదనాన్న కొడుకు చిత్తూరు వైపు ఒక సర్కిల్లో సీఐ. మా నాన్న డీఎస్పీగా రిటైరై బెంగళూరు తణిసంద్రలో నా దగ్గరే ఉంటున్నాడు. సర్వీసు మధ్యలో కొన్నేళ్లు పోలీసు ట్రైనింగ్ కాలేజీలో లా పాఠాలు చెప్పాడు. ఈమధ్య అన్నకు పైనుంచి ఒక కాగితం వచ్చింది: ట్రైనింగ్ కాలేజీకి ఇన్‌స్ట్రక్టరుగా వెళ్లడం ఇష్టమేనా, విల్లింగ్‌నెస్ రాసివ్వండి అని. సెలవు మీద మా ఇంటికొచ్చి ఆ సంగతి నాన్న ముందు కదిపాడు. తర్వాత నడిచింది ఇది. నేను నాన్న పక్షం, దాచుకోను. అయినా అన్న మాటల్లో పదునున్నవి తీసెయ్యలేదు.

అన్న: ఇష్టం లేదని ఒక్క ముక్క రాసి పడేస్తాను చిన్నాన్నా. దీనికి అంత ఆలోచనెందుకు?

నాన్న: ఎందుకు ఇష్టం లేదో చెప్పు.

అన్న: తెలియనట్టు అడుగుతారేంటి? అది లూప్ లైన్. స్టేషన్లో ఉంటే రోజూ ఎస్పీ గారి కంట్లో ఉంటాం. ఒక మర్డర్ కేసు తేల్చినా, జాతర బందోబస్తు గొడవ లేకుండా గట్టెక్కించినా పేరొస్తుంది. కాలేజీకి పోతే మూడేళ్లలో నేనొకణ్ని ఉన్నానన్న సంగతే మర్చిపోతారు. తిరిగొచ్చేసరికి నా బ్యాచ్ వాళ్లంతా మంచి సర్కిళ్లలో కుదురుకుని ఉంటారు, నన్ను ఏ స్టేషనూ ఇవ్వకుండా వీఆర్‌లో, అంటే వేకెన్సీ రిజర్వులో, పెట్టి పోస్టింగ్ కోసం ఆఫీసుల చుట్టూ తిప్పుతారు. సమాచారం ఇచ్చే మనుషులు కూడా అంతే. ఆర్నెల్లు ఫోన్ చేయకపోతే కొత్త సీఐ మనుషులైపోతారు.

నాన్న: నువ్వు చెప్పినవన్నీ నిజమే. అయితే అందులో పాఠం చెప్పే పని మీద నీకున్న అభ్యంతరం ఒక్కటీ లేదు చూశావా? అన్నీ ఆ పనికి పంపే తీరు మీదే. ఇన్నేళ్లుగా అక్కడికి ఎవర్ని పంపుతున్నాం? చార్జి మెమో పెండింగులో ఉన్నవాణ్ని. లోకల్ లీడరుతో పడనివాణ్ని. ఇంకో ఏడాదిలో రిటైరయ్యేవాణ్ని. షుగరు, బీపీ చూపించి తేలిక డ్యూటీ అడిగినవాణ్ని. ఎప్పుడో ఒక మంచివాడు దారితప్పి వస్తే, వాడు క్యాలెండర్ చూసుకుంటూ కూర్చుంటాడు. కానిస్టేబుల్ కుర్రాడికి ట్రైనింగు 9 నెలలు. ఆ 9 నెలలూ డిపార్ట్‌మెంటు మీద అలిగినవాడి దగ్గర డిపార్ట్‌మెంటు గురించి నేర్చుకుంటాడు. ఏం నేర్చుకుంటాడు? మనకెందుకొచ్చిన గొడవ అనడం నేర్చుకుంటాడు.

అన్న: మీరూ అలా వెళ్లినవారేగా?

నాన్న: నన్నూ తోసేశారు. ఒక పెద్దమనిషి బావమరిదికి స్టేషన్లోనే బెయిలు ఇవ్వనన్నాను, వారం తిరక్కుండా ఆర్డరొచ్చింది. మొదటి నెల క్లాసులో గైడు పట్టుకుని చదివించాను. అందరూ అదే చేసేవారు.

అన్న: మరి?

నాన్న: తర్వాత విసుగొచ్చింది. ఒకరోజు క్లాసు రూములో ఒక కుర్చీ పడేసి, దాని మీద ఎర్రసిరా పోసిన చొక్కా వేసి, కింద ఒక చొక్కా గుండీ పడేశాను. ఇది నేరస్థలం, పంచనామా రాయండి అన్నాను. రాశారు. ఆ మర్నాడు నేను డిఫెన్సు లాయర్నయ్యాను. ఒక్కొక్కణ్ని బోను ఎక్కించి అడిగాను. పంచులు, అంటే పంచనామా సాక్షులు, గదిలో ఎటువైపు నిలబడ్డారు? సాయంత్రం ఆరున్నరకు అంటున్నావు, లైటు ఎక్కడుంది? గుండీ ఆ చొక్కాదేనా, చొక్కా గుండీలు లెక్కపెట్టావా? ఒక్కడూ లెక్కపెట్టలేదు. చొక్కా ఎందులో పెట్టి సీలు వేశావంటే అందరూ ప్లాస్టిక్ కవర్లో అన్నారు. రక్తంతో తడిసిన బట్టను ప్లాస్టిక్‌లో బిగిస్తే ల్యాబుకు చేరేసరికి బూజు పట్టి ఉంటుంది. నీడలో ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టాలి. అది పుస్తకంలోనూ ఉంటుంది. కానీ నా కేసు ఒకటి సరిగ్గా దానివల్లే కోర్టులో పోయింది కాబట్టి, నేను చెప్తే వాళ్లకు ఎక్కింది. ఆ పని పదేళ్లు స్టేషన్ చూసినవాడు తప్ప ఇంకొకడు చెయ్యలేడు.

అన్న: బాగుంది. మీ రోజుల్లో. నేను 2024 చివర్లో కొత్త చట్టాల రిఫ్రెషర్ కోర్సుకు వెళ్లాను. ఆ సంవత్సరం జులై 1 నుంచి పాత ఐపీసీ, సీఆర్పీసీ, ఎవిడెన్స్ యాక్టుల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం అమల్లోకొచ్చాయి కదా. మాకు క్లాసు చెప్పినాయన స్టేషన్ వదిలి ఎనిమిదేళ్లయింది. ఒక పట్టిక పంచాడు. ఎఫ్ఐఆర్‌కు పాత 154 అంటే కొత్త 173, సాక్షుల విచారణకు పాత 161 అంటే 180, హత్యకు పాత 302 అంటే 103, మోసానికి పాత 420 అంటే 318. అది చదివించాడు, అయిపోయింది. సోదా చేసేటప్పుడు వీడియో తీయాలని 105వ సెక్షన్ అంటోంది, ఈ-సాక్ష్య యాప్‌లో అప్‌లోడ్ చెయ్యాలి. ఊళ్లో సిగ్నల్ లేకపోతే ఏం చెయ్యాలి సార్ అని అడిగాను. పైవాళ్లను అడిగి చెప్తానన్నాడు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ రెండు భాగాలుగా ఉంది, రెండోది నిపుణుడు సంతకం పెట్టాలి. మా జిల్లాలో ఆ నిపుణుడు ఎవరు? దానికీ జవాబు లేదు. మీరు కోరుతున్నట్టు అనుభవమున్నవాణ్ని తీసుకెళ్లి అక్కడ నిలబెడితే, అయిదేళ్లలో వాడి అనుభవమంతా పాతబడుతుంది. నిలబెట్టుకోవడమే రోగం చిన్నాన్నా. పాతుకుపోయినవాడే అందరికంటే ప్రమాదం.

(ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. నాన్న కాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు.)

నాన్న: ఎనిమిదేళ్లు ఎందుకున్నాడు? ఆయన్ని నిలబెట్టుకున్నారా, మర్చిపోయారా? ఆ రెండింటికీ తేడా ఉంది. సుప్రీంకోర్టు 2006లో పోలీసు సంస్కరణల మీద ప్రకాశ్ సింగ్ కేసులో ఎస్పీకి, స్టేషన్ ఆఫీసరుకు కనీసం రెండేళ్ల టెన్యూర్ ఉండాలంది. పాఠం చెప్పేవాడి గురించి ఎవరూ అడగలేదు, కాబట్టి ఒకణ్ని ఆర్నెల్లకు పీకేస్తారు, ఇంకొకణ్ని ఎనిమిదేళ్లు వదిలేస్తారు. నేనడిగేది, వచ్చేముందే ఇన్నాళ్లని తెలియాలి, వెళ్లేటప్పుడు ఎక్కడికో తెలియాలి. 1989లో ఐపీఎస్ ఆఫీసరు వ్యాస్ గారు నక్సలైట్ల మీదికి వెళ్లే గ్రేహౌండ్స్ దళం మొదలుపెట్టారు. అడవిలో ప్రాణం మీదికొచ్చే ఉద్యోగం. అయినా కుర్రాళ్లు పోటీపడి వెళ్లారు. ఎందుకు?

అన్న: జీతం మీద 60 శాతం ఎక్కువిచ్చారు కాబట్టి.

నాన్న: అదొక్కటే అయితే అందరూ వెళ్లేవాళ్లే. ఏరి తీసుకున్నారు. అందులో పనిచేశానంటే ఊళ్లో గౌరవం. కొన్నేళ్లు చేసి జిల్లాకు తిరిగొచ్చే దారి ఉంది. డబ్బు, గౌరవం, వెనక్కొచ్చే దారి, మూడూ కలిపితేనే మనిషి కదులుతాడు. ట్రైనింగ్ కాలేజీ దగ్గరికొచ్చేసరికి మూడూ లేవు. కేంద్రంలో చూడు, గ్రూప్ ఏ ఆఫీసర్లకు శిక్షణనిచ్చే జాతీయ సంస్థల్లో ట్రైనింగ్ అలవెన్సు ఏడో వేతన సంఘం తర్వాత బేసిక్ మీద 24 శాతం, మిగతా సంస్థల్లో 12. అంతకుముందు 30, 15 ఉండేది, దాన్నీ తగ్గించారు. పోలీసుల్లో నూటికి 80 మందికి పైగా కానిస్టేబుళ్లు, హెడ్ కానిస్టేబుళ్లే. వాళ్లకు చెప్పేవాడికి రాష్ట్రం ఎంతిస్తే అంత. జనానికి కనబడే పోలీసు ఐపీఎస్ కాదు, రాత్రి రెండింటికి చెక్‌పోస్టు దగ్గర బండి ఆపేవాడు. పోలీసు ట్రైనింగ్ మీద కేంద్రం గోరే కమిటీ వేసింది 1971లో. అప్పట్నుంచీ ఈ మాట అంటూనే ఉన్నారు, వింటూనే ఉన్నాం.

అన్న: సర్వీసులో ఉన్నవాణ్ని కదిలించడం ఎందుకు, మీలాంటి రిటైరైన వాళ్లను కాంట్రాక్టు మీద పెట్టుకోమనండి. లాయర్లున్నారు, ఫోరెన్సిక్ వాళ్లున్నారు.

నాన్న: ఇప్పుడే పాతబడినవాడు ప్రమాదమన్నావు. నాకంటే పాతబడినవాడు ఎవడు? పాత చట్టం వద్దు, పాత మనిషి కావాలా?

అన్న: మీరు కొత్త చట్టం చదువుకోలేరా?

నాన్న: చదివాను. చదవడం వేరు, దాని కింద అరెస్టు చేసి మేజిస్ట్రేట్ ముందు తిట్లు తినడం వేరు. నేను ఒక చోటికి గెస్టు లెక్చర్లకు వెళ్లాను కూడా. గంటకింతని లెక్క. బిల్లు పాసవడానికి ఎన్నిసార్లు ఫోన్ చేశానో మీ చిన్నమ్మనడుగు. లాయర్లు, ఫోరెన్సిక్ వాళ్లు రావాల్సిందే, కాదనను. వాళ్లు కాళ్లూ చేతులూ అయితే వెన్నెముక మాత్రం సర్వీసులో ఉన్నవాడే కావాలి.

అన్న: నిజం చెప్పాలంటే ట్రైనింగులో నాకు గుర్తున్నది లా ఇన్‌స్ట్రక్టరు కాదు, డ్రిల్ ఇన్‌స్ట్రక్టరు. ఆయన అరుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. మనిషిని నిలబెట్టింది గ్రౌండే. మీ ఇండోర్ వాళ్లంతా కూర్చుని మాట్లాడేవాళ్లు.

నాన్న: గ్రౌండులో తెల్లవారుజామున ఐదింటి నుంచి పరుగెత్తించి, కడుపునిండా ఇడ్లీలు పెట్టించి పదింటికి నా క్లాసుకు తోలేవారు. సగంమంది కళ్లు తెరుచుకునే నిద్రపోయేవాళ్లు. నిలబెట్టింది గ్రౌండా? నిద్రపుచ్చింది కూడా గ్రౌండే.

అన్న: క్లాసు బాగుంటే ఎవడూ నిద్రపోడు.

నాన్న: మూడు రోజులు సరిగా నిద్రలేనివాడు సినిమా హాల్లోనూ నిద్రపోతాడు. పాసింగ్ అవుట్ పరేడ్‌కు మంత్రి వస్తాడు, కాబట్టి పరేడ్ అదరాలి. పంచనామా చూడటానికి ఏ మంత్రీ రాడు.

అన్న: పరేడ్ లేకపోతే రేపు అల్లరిమూక ముందు లైను నిలబడదు చిన్నాన్నా. మీరు ఎప్పుడైనా రాళ్లు పడుతుంటే ముందు వరసలో నిలబడ్డారా?

నాన్న: నీకంటే ముందు నిలబడ్డానురా!

(ఇక్కడ అమ్మ వచ్చి ఇద్దర్నీ గొంతు తగ్గించమంది. పక్క ఫ్లాట్లో కన్నడం వాళ్లు, పోలీసు గొంతు ఏ భాషలోనైనా అర్థమవుతుంది. ఈ ఇండోర్, ఔట్‌డోర్ తగాదా ఇంకో పావుగంట సాగింది, అది నేను రాయడం లేదు. ఒక్క మాట మాత్రం పనికొచ్చేది.)

నాన్న: సరే, నీ డ్రిల్ ఇన్‌స్ట్రక్టరు ఎందుకు ఏళ్ల తరబడి ఉంటాడో చెప్పు. వాడు ఆర్మ్‌డ్ రిజర్వ్ నుంచో బెటాలియన్ నుంచో వస్తాడు. గ్రౌండే వాడి పని. అక్కడికొస్తే వాడికి పోయే సర్కిలూ లేదు, స్టేషనూ లేదు. మా దగ్గరికి వచ్చేవాడికి వచ్చినరోజే పోయినదాని లెక్క మొదలవుతుంది. అంకితభావం గురించి ఉపన్యాసాలిస్తే ఆ లెక్క మారదు.

అన్న: నేను అసలు మాట చెప్తాను, కోప్పడొద్దు. నేను ఎస్సైగా చేరిన రోజు స్టేషన్లో కాగితాలు రాసే రైటరు నాకు టీ ఇచ్చి అన్నాడు, సార్, అక్కడ చదివింది అక్కడే వదిలెయ్యండి, ఇక్కడి పద్ధతి వేరు అని. పంచనామా స్పాట్‌లో రాస్తానంటే నవ్వాడు, అప్పటికే స్టేషన్లో కూర్చుని రాసేశాడు. 1996లో కస్టడీ చావుల మీద సుప్రీంకోర్టు డి.కె. బసు తీర్పొచ్చింది, అరెస్టు నియమాలు ప్రతి స్టేషన్లో కనబడేలా పెట్టమంది. 2020లో పక్క రాష్ట్రం తమిళనాడులో సాత్తాన్‌కుళంలో ఏమైంది? పోలీసులు తీసుకెళ్లిన తండ్రీకొడుకులు చనిపోయారు, కేసు సీబీఐకి వెళ్లింది. అక్కడివాళ్లకు ఎవరూ ఆ పాఠం చెప్పలేదంటారా? పాఠం తెలియక ఎవడూ చెయ్యి ఎత్తడు. మీరు ఎంత గొప్ప ఇన్‌స్ట్రక్టర్ని తెచ్చి పెట్టినా, 9 నెలల పాఠాన్ని 9 రోజుల్లో స్టేషన్ తుడిచేస్తుంది. ముందు స్టేషన్ని బాగుచెయ్యండి. కాలేజీ తర్వాత చూద్దాం.

నాన్న: దీనికి పూర్తి జవాబు నా దగ్గర లేదు. ఉందంటే అబద్ధం. కానీ ఆ రైటరు ఆకాశం నుంచి ఊడిపడలేదు కదా, వాడూ ఒకప్పుడు ఎవరి క్లాసులోనో కూర్చున్నాడు. ఎవరి క్లాసో నాకు తెలుసు, గైడు చదివించినవాడి క్లాసు. ఇప్పుడు చూడు. స్టేషన్ ఇలా ఉంటుందని, రైటరు టీ ఇచ్చి ఇలా అంటాడని, అప్పుడు గొడవ పడకుండా నీ పంచనామా నువ్వు ఎలా రాసుకోవాలని కుర్రాళ్లకు ముందే చెప్పగలిగినవాడు ఎవడు? పుస్తకం చెప్పదు. లాయరు చెప్పలేడు. నిన్నటిదాకా స్టేషన్లో ఉండి వచ్చినవాడు, రేపు మళ్లీ స్టేషన్‌కు వెళ్లేవాడు, వాడొక్కడే చెప్పగలడు. నువ్వు ఇప్పుడు నాతో చెప్పిందే అక్కడ చెప్పు. అదే మొదటి క్లాసు.

అన్న: నన్ను ఇరికించాలని చూస్తున్నారు.

నాన్న: అవును. ఇష్టం లేదని రాయకు. ఇష్టమే, ఈ షరతుల మీద అని రాయి. రెండేళ్లు, అంతకుమించి కాదు. తిరిగి ఇచ్చేది లా అండ్ ఆర్డర్ స్టేషనో సర్కిలో అని ఆర్డర్‌లోనే ఉండాలి. ఏడాదికి ఒక నెల ఏదో ఒక స్టేషన్‌కు అటాచ్ చేసి కేసు దర్యాప్తు చేయించాలి, పాతబడకుండా. టైంటేబుల్ పడ్డాక క్లాసులు ఆపి ఎలక్షన్ బందోబస్తుకు లాక్కుపోకూడదు. ఈ నాలుగు.

అన్న: షరతులు పెడితే వీడికి తెలివి ఎక్కువైందంటారు.

నాన్న: విల్లింగ్‌నెస్ అడిగింది వాళ్లే కదా. ఎంతవరకు విల్లింగో చెప్తున్నావు. ఒప్పుకోకపోతే నీ సర్కిల్ నీకుంటుంది.

అన్న: ఒప్పుకుంటేనే భయం. సరే, రాస్తాను. ట్రాన్స్‌ఫర్ల లిస్టు వచ్చాక పంపుతా.

నాన్న: అప్పటికి గడువు దాటిపోతుంది.

అన్న: అందులో గడువు లేదు.

నాన్న: గడువు లేకుండా కాగితం ఎలా వస్తుంది? ఏదీ, ఇటివ్వు. (చదివాడు. వెనక్కి తిప్పి కూడా చూశాడు.) నిజమేరా, తేదీ లేదు. ఏ పోస్టో లేదు, ఎన్నాళ్లకో లేదు, అలవెన్సు మాటే లేదు.

అన్న: పొద్దుట్నుంచి నేను చెప్తున్నది అదే కదా చిన్నాన్నా.