సెల్ఫ్ మేడ్ అంటన్నారు సరే, వాన కూడా మీరే కురిపించారేటి?

మా ఫ్యామిలీ గ్రూపులో బావ ఒక ఫార్వర్డ్ పెట్టాడు. మీకూ వచ్చే ఉంటాది, నాకైతే నాలుగు గ్రూపుల్లోంచి వచ్చింది. సింహం ఫొటో, కింద పసుపు అక్షరాలు. "దేవుడి మీద భారం వేసేవాడు సోమరి. నిన్ను నువ్వే ఉద్ధరించుకోమని గీతలో కృష్ణుడే చెప్పాడు. గెలిచినవాళ్ళంతా తమని తాము నమ్ముకున్నవాళ్ళే. ఎవరి ముందూ తల వంచకు." ఇదీ సంగతి. కింద బావ కండల ఎమోజీ కూడా తగిలించాడు. గ్రూపులో పెద్దోళ్ళున్నారని అప్పుడు నోరు మూసుకున్నాను, ఇక్కడ రాస్తన్నాను.

ముందు సోమరి అన్న ముక్క. మాది ఉద్దానం, సముద్రం దగ్గరే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, అది అయిపోయి బోట్లు దిగే రోజు పొద్దున్నే భావనపాడు గానీ కళింగపట్నం గానీ ఎల్లి చూడండి. ఆ రెండు నెలలూ వలలు బాగు చేసుకుని, ఇంజను విప్పించి చూపించుకుని, ఫోన్లో వాతావరణం చూసుకుని, అప్పుడు గంగమ్మకి కొబ్బరికాయ కొట్టి దిగుతారు. వీళ్ళలో సోమరి ఎవడో చూపించండి. వల ముట్టుకోకుండా కొబ్బరికాయ ఒక్కటే కొట్టి కూర్చున్నోడుంటే వాడు సోమరే, నేనూ ఒప్పుకుంటాను, కానీ వాడు దేవుణ్ణి నమ్ముకున్నట్టు కాదు, దేవుణ్ణి కూలికి పెట్టుకున్నట్టు. గజేంద్రుడి కథ చిన్నప్పుడు అందరం విన్నదే, మొసలి కాలు పట్టుకోగానే ఏడుస్తూ కేక వేసాడేటి? ఏళ్ళ తరబడి పోరాడాడు, ఒంట్లో బలం మొత్తం అయిపోయాక పిలిచాడు.

ఇక గీత. ఇదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. ఆ మాట ఆరో అధ్యాయంలో ఐదో శ్లోకం, "ఉద్ధరేదాత్మనాత్మానం". ఉంది, కాదనను. కానీ అది ధ్యానం గురించి చెప్పే అధ్యాయం. నీ మనసుని నువ్వు గెలిస్తే అది నీకు చుట్టం, గెలవకపోతే అదే నీకు శత్రువు అని పక్క శ్లోకంలోనే ఉంది. దేవుడక్కర్లేదని కాదు కదా అక్కడ చెప్పింది. అదే అధ్యాయం ఆఖరి శ్లోకం, 47, అందులో యోగులందరిలోకీ నన్ను శ్రద్ధగా భజించేవాడే గొప్ప అంటాడు కృష్ణుడు, ఫార్వర్డ్ తయారు చేసినోడు అక్కడిదాకా చదవలేదు కావాలి. పద్దెనిమిదో అధ్యాయం 14 చూడండి. ఏ పని జరగాలన్నా ఐదు కావాలంటాడు. పనికి చోటు, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. నాలుగు పోను ఐదోది అన్నాడు గానీ ఐదోది ఉంటే నాలుగూ వద్దనలేదు. రెండు శ్లోకాల తర్వాత, ఇంతా ఉండగా నేనొక్కడినే చేసాను అనుకునేవాడికి బుద్ధి సరిగ్గా లేదని తేల్చేసాడు. అర్జునుడిని నిమిత్తమాత్రుడివి అవ్వమన్నాడు, అంటే విల్లు కింద పెట్టెయ్యమని కాదు, లేచి యుద్ధం చెయ్యమనే.

గెలిచినవాళ్ళ సంగతికొస్తే, నాకు చెప్పాల్సింది తిత్లీ తుఫాను గురించి. 2018 అక్టోబర్ 11, తెల్లారకుండా పలాస దగ్గర తీరం దాటింది. మా నాన్న ముప్పై ఏళ్ళు పెంచిన కొబ్బరి తోట, సగం పైన పొద్దుటికి నేల మీద ఉంది, జీడి చెట్లయితే వేళ్ళతో సహా లేచిపోయాయి, కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఎవరు బతికున్నారో పక్కూరికి కబురు లేదు. అంతకు ముందు రోజు దాకా ఊళ్ళో అందరూ నాన్నని కష్టపడి పైకొచ్చినోడు అనేవాళ్ళు. మరి ఆ పొద్దున కష్టపడటం మానేశాడనా తోట పోయింది? కష్టం అంతే ఉంది, తోట లేదు. తోట ఉన్నప్పుడు మెచ్చుకోలంతా మనకే అయితే పోయినప్పుడు తప్పు కూడా మొత్తం మనదే అవ్వాలి కదా, ఆ ఫార్వర్డ్ లెక్క ప్రకారం. ఎంత క్రూరమైన లెక్కో చూడండి. నాన్న మాత్రం పడిపోయిన మొదలు మీద కూర్చుని అన్నాడు, "నాను గొయ్యి తీసాను, మొక్క పాతాను, నీరు పోసాను. చెట్టుని నాను పెంచానేటి?" ఏడవలేదని కాదు, ఏడ్చాడు.

మా శ్రీకూర్మం స్వామి కథ కూడా ఇదే కదా. దేవతలు, రాక్షసులు, ఇంత బలగం పాము తాడు పట్టుకుని చిలుకుతుంటే కొండ మునిగిపోయింది, కింద తాబేలు మోస్తే గానీ నిలబడలేదు. పైన లాగినోళ్ళే అందరికీ కనబడతారు.

తల వంచకు అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. ఉభాలప్పుడు, అదే వరి నాట్లప్పుడు, తల ఎత్తుకుని నాటండి చూద్దాం.

ఒకటి మాత్రం ఫార్వర్డ్ వైపు నుంచి కూడా చెప్పాలి. అరసవల్లిలో లైన్లో నిలబడి "ఇన్ని ఆదివారాలు వచ్చాను, నాకు ఉద్యోగం రావాల్సిందే" అనేవాళ్ళని చూసాను, ఒకప్పుడు నేనూ అన్నాను. అది వినయం ఏటి కాదు, అదీ నా గొప్పే. ఇలాంటోళ్ళని చూసే ఆ సింహం ఫొటో ఎవడో తయారు చేసుంటే వాణ్ణి పెద్దగా తప్పు పట్టలేను.

తిత్లీ పోయిన మరుసటేడు నాన్న మళ్ళీ కొబ్బరి పాతాడు. ఎందుకు నాన్నా ఈ వయసులో అంటే, పాతడం మన పని అన్నాడు, అంతే. మొన్న మొదటి గెల దిగింది. ముందు ఊరి అమ్మవారికి రెండు కాయలు, తర్వాత చుట్టాలకి. బావకి కూడా ఓ సంచి పంపాం, బొండాలు తియ్యగా ఉన్నాయి అని గ్రూపులో పెట్టాడు, సింహం ఫొటోకి సరిగ్గా కిందే.