ఆ నారింజ రంగు గ్లాసు

ఉగాది రోజు ఇక్కడ ఇటలీలో మన తెలుగువాళ్ల వేడుకలో పంచాంగ శ్రవణం అయ్యాక మన పెద్దాయన ఒకరు మైకు అందుకున్నారు. పేరు చెప్పలేదు, కానీ ఎవరి గురించో అందరికీ తెలుసు. వాట్సాప్ గ్రూపులో తిరిగిన ఫొటోనే అది. పాదోవాలో మాస్టర్స్ చేస్తున్న అమ్మాయి, ఊరి నడిమధ్య ఉన్న పియాత్సా దెల్లె ఎర్బె అనే చౌక్‌లో స్నేహితులతో నిలబడి ఉంది. చేతిలో నారింజ రంగు గ్లాసు. "అమ్మానాన్నలు అప్పు చేసి పంపింది ఇందుకేనా?" అన్నారాయన. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఆ పిల్ల భోజనం చేయకుండా వెళ్లిపోయింది. పులిహోర వడ్డిస్తూ చూశాను. గరిటె పక్కన పెట్టి వెనకాలే వెళ్లాల్సింది, వెళ్లలేదు.

నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో సాయంత్రం ఆరు కాగానే ఆఫీసువాళ్లంతా అపెరితీవోకి బయల్దేరేవారు. రాత్రి భోజనానికి ముందు ఆకలి పుట్టించడానికి ఏదో ఒక చేదు పానీయం, దాంతోపాటు నాలుగు ఆలివ్ కాయలు, చిప్స్. ఇంట్లో పనుందని చెప్పి ఏడాదిపాటు తప్పించుకున్నాను. ఒకరోజు పక్క సీటు పెద్దావిడ సూటిగా అడిగేసింది, "నీకు మందు వద్దా, మేమే వద్దా?" అని. నాకు నోట మాట రాలేదు. ఆవిడే నన్ను వెంటబెట్టుకెళ్లి క్రోదీనో తెప్పించింది. 1965 నుంచీ దొరుకుతున్న చిన్న సీసా అది. మందు ఉండదు, రంగు మాత్రం అచ్చం ఆ నారింజే.

మొదటి గుటకకే వేపపువ్వు గుర్తొచ్చింది. ఉగాది పచ్చడిలో మా అమ్మమ్మ వేపపువ్వు ఇంకో చిటికెడు వేసి, "చేదు తగిలితేనే అన్నం హితవుగా ఉంటుందే" అనేది. ఇక్కడివాళ్ల నమ్మకమూ అదే. అపెరితీవో అన్న మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం 'తెరవడం', అంటే ఆకలిని తెరవడం. నా ఇటాలియన్ సగం ఆ కౌంటర్ దగ్గర నిలబడి నేర్చుకున్నదే. నా రెండో కాన్పుకి ఆస్పత్రిలో తోడున్నదీ ఆ పెద్దావిడే.

మందు మందే, కాదనను. మన పాదోవాలోనే 1919లో బార్బియేరి సోదరులు తెచ్చిన అపెరోల్ అనే నారింజ రంగు చేదు మందులో 11 శాతం ఆల్కహాల్ ఉంటుంది. మూడు వంతుల ప్రొసెక్కో అనే నురగల వైన్, రెండు వంతుల అపెరోల్, ఒక వంతు సోడా కలిపితే స్ప్రిట్జ్. తియ్యగా, చల్లగా ఉందని జ్యూస్‌లా తాగేస్తే తల తిరుగుతుంది. అపెరోల్ బదులు కాంపారీ అనే ఇంకో చేదు మందు పోస్తే ఇంకా ఘాటు. కొత్తగా వచ్చిన పిల్లలకు ఇవన్నీ చెప్పాల్సిందే, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి. మన పిక్నిక్కుల్లో కారు డిక్కీ చాటున పోసుకునే విస్కీ గురించి ఇన్నేళ్లలో ఏ మైకులోనూ ఒక్క మాట వినలేదు. ఇక్కడివాళ్లు అందరి ఎదుటా, ఇంట్లో ముసలివాళ్లను కూడా వెంటబెట్టుకుని, ఒక్క గ్లాసుతో గంటసేపు కబుర్లు చెప్పుకుంటారు. ఆ దాపరికం లేకపోవడం నాకు నచ్చుతుంది.

ఆ అమ్మాయి గ్లాసులో ఏముందో నాకు తెలియదు. నేను అడగను కూడా. కమిటీ వాళ్లను ఒక్కటే బతిమాలుకుంటున్నాను, దసరాకి ముందే ఆ పిల్లకు ఫోన్ చేయండి. అన్నయ్యగారూ, మీరే చేస్తే ఇంకా మంచిది. మైకులో అన్న మాట మైకులో వెనక్కి తీసుకోమని అడగడం లేదు, "భోజనానికి రామ్మా" అంటే చాలు. తను వస్తే నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను.