సొమ్ము కత్తిది, సోకు బల్లేనిది

మహారాజశ్రీ బల్లెం గారికి,

నమస్కారాలు. తమరు క్షేమమనే తలుస్తాను. మ్యూజియం గోడకు చేరగిలబడి నిలబడటం తప్ప ఇప్పుడు తమరికి వేరే పనేమీ లేదు కదా. నేను మాత్రం క్షేమంగా లేను. నిన్న ఆదివారం మధ్యాహ్నం భోజనం కూడా మానుకుని క్విజ్ ఫైనల్‌కి వెళ్లాను. తమరి దయవల్ల పది మార్కులు పోగొట్టుకుని వచ్చాను.

ప్రశ్న ఇది: "1808 నవంబరు 30న స్పెయిన్‌లోని సొమోసియెర్రా కనుమ మీదికి దూసుకెళ్లిన పోలండ్ రౌతుల చేతిలో ఉన్న ఆయుధం ఏది?" బజర్ ముందు నొక్కింది నేనే. "కత్తి" అన్నాను. క్విజ్‌మాస్టర్ చిన్నపిల్లాణ్ని చూసినట్టు చూశాడు. "సారీ సార్, బల్లెం. పోలిష్ లాన్సర్స్... లాన్స్ అంటే బల్లెమే, పేరులోనే ఉంది కదా!" అంటూ స్క్రీన్ మీద ఓ బొమ్మ కూడా వేశాడు. ఎవరో తీరిగ్గా కూర్చుని గీసిన బొమ్మ. అందులో తమరు ఎరుపు తెలుపు జెండా కట్టుకుని పెళ్లికొడుకులా ముందు నడుస్తున్నారు. అభ్యంతరం చెబితే రాతపూర్వకంగా ఇమ్మన్నారు. ఇచ్చాను. ఆ కాగితం మీద టీ కప్పు పెట్టారు. అందుకే నేరుగా తమరికే రాస్తున్నాను.

అయ్యా, ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు తమరు ఎక్కడున్నారు?

ఆ దళం 1807లో పుట్టింది. ఫ్రాన్స్ చక్రవర్తి నెపోలియన్ సొంత సైన్యమైన ఇంపీరియల్ గార్డ్‌లో అది తేలిక అశ్వదళం. నడుముకు కత్తి, వెంట తుపాకీ, అంతే. తమరు వాళ్ల చేతికి వచ్చింది ఆస్ట్రియాతో జరిగిన వాగ్రామ్ యుద్ధం తర్వాత, అంటే 1809లో. అక్కడ ఉలాన్లనే ఆస్ట్రియా బల్లెం రౌతుల చేతుల్లోంచి తమర్ని లాక్కుని, తమరితోనే వాళ్లను పొడిచారని చెప్పుకుంటారు. అక్కడికి సొమోసియెర్రా అయిపోయి ఏడు నెలలు దాటింది. పెళ్లయిపోయి విస్తళ్లు ఎత్తేశాక వచ్చి ఫోటోలో మధ్యలో నిలబడే బంధువును చూశాను గానీ, పెళ్లికొడుకుని నేనే అనేవాణ్ని ఇప్పుడే చూస్తున్నాను.

అది ఎలాంటి దారో తమరికేం తెలుసు? ఎక్కుడు దారి, రెండు పక్కలా రాతి గోడలు, నలుగురు రౌతులు పక్కపక్కన పట్టడమే కష్టం. మలుపు మలుపుకీ స్పెయిన్ వాళ్ల ఫిరంగులు, నాలుగు చోట్ల కలిపి పదహారు. వెళ్లింది ఒక్క స్క్వాడ్రన్, నూట పాతిక మంది అటూ ఇటూ. ముందు నడిచిన కొజెతుల్స్కీ గుర్రం మొదట్లోనే కూలిపోయింది. జెవనోవ్‌స్కీ ముందుకొచ్చాడు. అతనూ పడ్డాడు, ఆ గాయాలతోనే కొద్ది రోజులకు పోయాడు. పక్క పని మీద వెళ్లి ఆలస్యంగా వచ్చి కలిసిన నియెగొలెవ్‌స్కీ అనే కుర్ర లెఫ్టినెంట్ గుప్పెడు మందితో చివరి ఫిరంగుల దాకా వెళ్లాడు. ఒళ్లంతా బయొనెట్ (తుపాకీ మొనకు తగిలించే కత్తి) పోట్లతో ఫిరంగి పక్కనే పడిపోయాడు. పది నిమిషాలు కూడా పట్టలేదంటారు. బయల్దేరినవాళ్లలో దాదాపు సగం మంది చచ్చారు, లేదా గాయపడ్డారు. దాంతో దారి తెరుచుకుని డిసెంబరు 4న మాడ్రిడ్ లొంగిపోయింది.

ఇందులో నువ్వెక్కడున్నావు? చెప్పు! ఏ మలుపులో ఉన్నావు? ఏ గుర్రం మీద ఉన్నావు?

మన్నించు, మర్యాద తప్పింది. తప్పితే తప్పింది. నీకంటే ముందే ఆ పేరు కొట్టేసినవాళ్లున్నారు. నెపోలియన్ సైన్యం వేసిన యుద్ధవార్తల బులెటిన్‌లో ఆ దాడి నడిపింది జనరల్ మోంబ్రన్ అని రాశారు. చరిత్రకారుడు తియేర్ కూడా అదే పట్టుకున్నాడు. అప్పుడు నియెగొలెవ్‌స్కీ, ఆ బయొనెట్ పోట్లు తిన్న మనిషే, 1854లో పారిస్‌లో ఏకంగా ఓ పుస్తకం అచ్చువేసి "అలా కాదు, ఇలా" అని చెప్పుకోవలసి వచ్చింది. నలభై ఆరేళ్ల తర్వాత! ముసలాయన అంత పట్టుదల ఎందుకు పట్టాడో నిన్న సాయంత్రం టీ కప్పు కింద నా కాగితం చూశాక అర్థమైంది. నా గాయానికింకా ఒక్క రోజే.

మిగతా విషయాలు వదిలేస్తున్నాను. నువ్వు దాదాపు తొమ్మిదడుగులుంటావు, చెట్ల మధ్య కొమ్మలకు తట్టుకుంటావు. నీ మొన దాటి లోపలికి వచ్చిన శత్రువు ముందు నువ్వు వట్టి కర్రవి. నిన్ను పట్టడం నేర్చుకోవడానికి నెలలు కావాలి. ఇవేవీ నేనడగను. సొంత దేశం తిరిగొస్తుందని నమ్మి తన వెంట తిరిగిన ఆ పోలండ్ కుర్రాళ్లకు నెపోలియన్ 1807లో "వార్సా డచీ" అని ఓ చిన్న రాజ్యం చేతిలో పెట్టాడు. పోలండ్ అన్న మాటే లేదు అందులో. అది నీ తప్పు కాదులే.

స్పెయిన్‌లోనే జరిగిన ఆల్బుయేరా యుద్ధం కూడా కాదనను. 1811 మే 16, వడగళ్ల వాన, బ్రిటిష్ వాళ్ల తుపాకుల్లో మందు తడిసిపోయింది. వాళ్ల కోల్‌బోర్న్ బ్రిగేడ్ గుర్రాలను ఆపడానికి నాలుగు వైపులా తిరిగి చతురస్రం కట్టుకునే లోపే, ఫ్రాన్స్ పక్షాన ఉన్న పోలండ్ దళం విస్తులా లాన్సర్లు వెనక నుంచి వచ్చిపడ్డారు. నాలుగు పటాలాల్లో మూడు తుడిచిపెట్టుకుపోయాయి. అది నీ పనే, ఒప్పుకుంటాను. కిందపడ్డవాళ్లను కూడా పొడిచావన్న చెడ్డపేరూ నీదే. అంత దెబ్బ తిన్న బ్రిటిష్ వాళ్లు 1816లో ఏం చేశారు? నిన్నే తెచ్చి తమ రెజిమెంట్లకిచ్చారు. పోలండ్ వాళ్ల పలక టోపీ కూడా పెట్టుకున్నారు. తర్వాత వాళ్ల వెంబడే నువ్వు ఇండియాకీ వచ్చావు, నిజాం సైన్యంలోకీ వచ్చావు.

ఆ మాటకొస్తే నిన్న ఓడిపోయి ఆటో ఎక్కాక డ్రైవర్ "ఎక్కడికి సార్?" అని అడిగాడు. నోరు తెరిచాను గానీ మాట రాలేదు. మా ఇంటికి వెళ్లాలంటే నీ పేరే చెప్పాలి. పక్కలో బల్లెం అంటారు చూడు, నాకు అచ్చంగా అదే.

ఆల్బుయేరా ఉంచుకో. సొమోసియెర్రా మాత్రం ఆ కత్తికి ఇచ్చెయ్. నా పది మార్కులు కూడా.

ఇట్లు,
బజర్ ముందు నొక్కినవాడు,
ఫస్ట్ లాన్సర్, హైదరాబాద్.