16 కోట్ల ఇంజెక్షన్ కథ మారాలంటే బ్యాక్టీరియాను నమ్మాలి

16 కోట్ల ఇంజెక్షన్ గురించి వినని తెలుగు ఇల్లు ఉండదు. కండరాలను క్షీణింపజేసే ఎస్‌ఎంఏ అనే జన్యు వ్యాధితో పుట్టిన పసిబిడ్డల కోసం తల్లిదండ్రులు చేతులు జోడించి వీడియోలు పెట్టడం, ముక్కూమొహం తెలియని వాళ్లు వందా రెండొందలూ పంపడం మనం చూశాం. ఆ మందులో ఉన్నది ఒక జన్యువు, దాన్ని కణం లోపలికి మోసుకెళ్లే వైరస్ తొడుగు. ధరలో కంపెనీ లాభం సంగతి ఎలా ఉన్నా, ఆ వైరస్‌ను మనిషి కణాల్లో పెంచి, వడగట్టి, శుద్ధి చేయడం నిజంగానే ఖర్చుతో కూడిన పని. మందు కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని కణం గడప దాటించడం ఇంకో ఎత్తు. యాంటీబాడీ మందులు చాలావరకు ఆ గడప బయటే ఆగిపోతాయి.

గడప దాటడం పుట్టుకతో తెలిసిన జీవి ఒకటుంది. టైఫాయిడ్ క్రిమి కూడా ఏ జాతిదో ఆ జాతి బ్యాక్టీరియా, సాల్మొనెల్లా.

అది కణం పొరకు అతుక్కుని, తన ఒంటి మీది సూదిలాంటి గొట్టంతో కొన్ని ప్రొటీన్లను లోపలికి గుచ్చుతుంది. ఆ దెబ్బకు పొర అలలా పైకి లేచి బ్యాక్టీరియాను తనే మింగేస్తుంది. లోపల ఒక తిత్తిలో కూర్చున్నాక గానీ మేలుకోని జన్యు స్విచ్ ఒకటి సాల్మొనెల్లాలో ఉంది. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన నీల్ ఫోర్బ్స్ బృందం ఆ స్విచ్‌కి, బ్యాక్టీరియాను పగలగొట్టే ఒక వైరస్ జన్యువును తగిలించింది. అంటే లోపలికి చేరాక బ్యాక్టీరియా తనంతట తానే పగిలిపోతుంది, మోసుకొచ్చిన ప్రొటీన్ కణంలోకి ఒలికిపోతుంది. వాళ్లు పంపింది కణాన్ని చావు దారి పట్టించే కాస్పేస్-3 అనే ప్రొటీన్. ఎలుకల్లో కాలేయ క్యాన్సర్ గడ్డల పెరుగుదల ఆగిందని 2021లో ప్రకటించారు. ఇల్లు దోచుకోవడానికి వచ్చే దొంగ చేతికే మందు సీసా ఇచ్చి పంపినట్టుంది ఈ ఆలోచన. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

నన్ను ఇంకా ఎక్కువ కదిలించేది ఖర్చు లెక్క. మంచి మేత దొరికితే ఈ జాతి బ్యాక్టీరియా అరగంట లోపే రెట్టింపవుతుంది. ఒక ట్యాంకు, చక్కెర, ఉప్పులు, గాలి చాలు. 1982 నుంచి మనిషి ఇన్సులిన్‌ను ఇలాగే ఈ.కోలి అనే బ్యాక్టీరియాలో తయారు చేస్తున్నారు. అలా పెరిగేదే మందూ, మందు మోసే బండీ అయితే కోట్ల మాట ఎందుకొస్తుంది?

ప్రమాదం కాదా అంటారు. బతికున్న సాల్మొనెల్లాను రక్తంలోకి ఎక్కించడం చిన్న విషయం కాదు, నిజమే. బలహీనపరిచిన సాల్మొనెల్లాను మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూసిన పరీక్షలో గడ్డలు తగ్గలేదని 2002లోనే తేలింది. పేగులో పనిచేసేలా సిన్‌లాజిక్ కంపెనీ తయారుచేసిన బ్యాక్టీరియా మందు మూడో దశ పరీక్ష 2024 ఫిబ్రవరిలో ఆగిపోయింది. కానీ మూత్రాశయ క్యాన్సర్‌కు బతికున్న బీసీజీ బ్యాక్టీరియాను డాక్టర్లు దశాబ్దాలుగా వాడుతున్నారు. 1976లో డాక్టర్ మొరాలెస్ మొదలుపెట్టిన ఆ వైద్యం ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. మన భుజాల మీది మచ్చ కూడా ఆ బీసీజీదే.

ఆ బీసీజీకే జర్మనీలోని మాక్స్ ప్లాంక్ శాస్త్రవేత్తలు లిస్టీరియా అనే మరో బ్యాక్టీరియా జన్యువు ఒకటి చేర్చి, తిత్తి పొరకు చిల్లులు పెట్టేలా మార్చారు. వీపీఎం1002 అనే ఆ క్షయ టీకా సీరమ్ ఇన్‌స్టిట్యూట్ చేతికి వచ్చింది, మన దేశంలోనే మూడో దశ పరీక్షలు జరిగాయి. ఈ విద్య మనకు కొత్తేమీ కాదన్నమాట.

మరి ప్రభుత్వం ఎక్కడ? బీసీజీ తయారుచేసే చెన్నైలోని గిండీ లేబొరేటరీతో పాటు కూనూరు, కసౌలిల్లోని ప్రభుత్వ టీకా సంస్థల లైసెన్సులు 2008లో సస్పెండయ్యాయి. మరమ్మతు చేయాల్సిన చోట తాళం వేశారు. తిరిగి తెరిచేలోగా మార్కెట్ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. హైదరాబాద్ బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్ కథా ఇంతే. హైదరాబాద్ ఫార్మాకు పనివాళ్లను తయారుచేసి ఇచ్చింది ఆ ఫ్యాక్టరీ. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారు పనిచేసిందీ అక్కడే. దాన్ని మాత్రం కళ్లముందే చావనిచ్చాం.

బతికున్న బ్యాక్టీరియాను మందుగా పెంచే పెద్ద ట్యాంకులు ప్రభుత్వ రంగంలో ఉండాలి. పేటెంట్లన్నీ బయటి కంపెనీలు పంచుకున్నాక మనం మళ్లీ విరాళాల వీడియోలే చూడాలా? గిండీలో బీసీజీ పెంచే చేతులున్నాయి. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో జన్యువులు తెలిసిన చేతులున్నాయి. ఆ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే ప్రాజెక్టుకు వచ్చే బడ్జెట్‌లో కేంద్రం డబ్బు పెట్టాలి.